మగ్గం గుంతలో కూర్చుని గదిని విన్న మనిషి

మా వియ్యంకుడు పోయిన నెలలో ఒక బుధవారం పొద్దున అమరచింతలో, తన ఇంట్లోనే చనిపోయాడు. ఆ కబురు ఫోన్లో గద్వాలకు వచ్చేసరికి నేను మా ఇంటి వెనక గదిలో తలుపు వేసుకుని హార్మోనియం వాయిస్తున్నాను. ఫోన్ ఎత్తింది మా కోడలు, అంటే ఆయన కూతురు. వాకిట్లో ఆమె ఏడ్చిన ఏడుపు నాలుగిళ్ల అవతలికి వినపడిందట. పక్కింటి ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి పట్టుకున్నారట. నాకు వినపడలేదు. రెండడుగుల మందం రాతిగోడలు, మూసిన కిటికీ, టేకు తలుపు, దాని వెనక వేలాడే గొంగడి. అరగంట తర్వాత చాయ్ కోసం బయటికి వస్తే వాకిలి నిండా మనుషులున్నారు.

ఆ గదిని సంగీతానికి పనికొచ్చేలా కుదిర్చింది ఆయనే. ఈ మాట చెప్పవలసిన రోజున నేను చెప్పలేదు. రెండేళ్ల కిందట ఈ పత్రికలోనే నాతో జరిపిన ముఖాముఖి వచ్చింది. “శబ్దశాస్త్రం మీద పుస్తకాలు తెప్పించుకుని చదివి, నా చేతులతో నేనే ఈ గదిని తయారు చేసుకున్నాను” అని నేనన్న మాటను ఫోటో కింద పెద్ద అక్షరాలతో వేశారు. అది చదివి మీలో కొందరు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. ఆ మాట అబద్ధం. ఎవరెవరో నాకు చేసిన అన్యాయాల గురించి ఇదే పత్రికలో చాలాసార్లు రాశాను. నేను చేసిన దాని గురించి రాయడం ఇదే మొదలు.

ఆయన పేరు ఇక్కడ రాయాలనే అనుకున్నాను. కోడలు వద్దన్నది. “నాయిన పేరు పేపర్ల రాకున్నా ఏం గాదు మామా. మీరే చేసిన్రని మాత్రం ఇంకోసారి రాయకుండ్రి.” కాబట్టి మా వియ్యంకుడనే రాస్తున్నాను.

నేను నాగర్‌కర్నూల్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేశాను. జీతం కోసం చేసిన పని అది. నా అసలు పని పద్యనాటకాలకు హార్మోనియం వాయించడం. పాలమూరు పల్లెల్లో నేను వాయించని వేదిక తక్కువ. తర్వాత మా నాటక సంఘం వాళ్లు కీబోర్డు తెచ్చుకున్నారు. నన్ను వద్దనడానికి నోరు రాక వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, ఇక విశ్రాంతి తీసుకొమ్మన్నారు. సన్మానం పేరుతో మనిషిని ఇంటికి పంపడం ఆ అధ్యక్షుడికి బాగా తెలుసు. ఇప్పుడు ఆయన్నూ అట్లాగే పంపారని విన్నాను. సంతోషించలేదని రాస్తే ఇంకో అబద్ధమవుతుంది.

ఇంటికొచ్చాక నాకొక ఆలోచన వచ్చింది. ఒకే పద్యాన్ని కొల్లాపూర్ నటుడు ఒక తీరుగా, అలంపూర్ నటుడు ఇంకొక తీరుగా ఎత్తుకునేవాళ్లు. ఆ తీర్లన్నీ నా వేళ్లకు గుర్తున్నాయి. వేళ్లు కొయ్యబారకముందే వాటిని వాయించి రికార్డు చేసి పెట్టాలనుకున్నాను. మైకు కొన్నాను, కంప్యూటరు కొన్నాను. గది ఒక్కటే కుదరలేదు.

అది మా నాయన మగ్గం గది. నేసే పని నేను నేర్చుకోలేదు. చదువుకున్నవాణ్నని ఆ గది గడప తొక్కడానికే నామోషీ పడ్డాను. పొడవు ఇరవై నాలుగడుగులు, వెడల్పు ఎనిమిది. సందు వంపు తిరగడం వల్ల ఒక గోడ వంకరగా పోయి, చివరికొచ్చేసరికి వెడల్పు ఆరడుగులే మిగిలింది. పైకప్పు బండలు. నేల మధ్యలో, కిటికీ దగ్గర, నేసేవాడు కాళ్లు దించుకుని కూర్చునే గుంత. ఆ గదిలో చప్పట్లు కొడితే రెండు గోడల మధ్య ఆ చప్పుడు రేకు అదిరినట్లు గలగలమని పోయేది. హార్మోనియం కింది స్థాయిలో ఒక మెట్టు నొక్కితే మిగతా మెట్ల కంటే రెండింతలు మోగేది. మైకులో ఆ ఒక్క స్వరం తప్ప ఏమీ మిగిలేది కాదు.

పట్నం నుంచి ఒక సౌండ్ ఇంజనీరును పిలిపించాను. ఆయన గది మధ్యలో నిలబడి, ఫోన్లో ఏదో చూసుకుని, నాలుగు గోడలకూ నల్ల స్పాంజి పలకలు అతికించి పోయాడు. గుంతను కాంక్రీటుతో పూడ్చమన్నాడు. మేస్త్రీ దొరకక అదొక్కటి ఆగింది. స్పాంజి పెట్టాక గలగల పోయింది. దానితో పాటు హార్మోనియంలో ప్రాణం కూడా పోయింది. కింది మోత మాత్రం అట్లాగే ఉంది. పడిశం పట్టినవాడు దుప్పటి కప్పుకుని పాడినట్లుండేది. ఫోన్ చేసి అడిగితే, “మీ చెవులు ఒకసారి పరీక్ష చేయించుకోండి పెద్దాయనా” అన్నాడు. నేను అరవై ఏళ్లుగా శ్రుతి కలుపుతున్న మనిషిని.

అట్లా ఉన్న రోజుల్లో మనవరాలికి జ్వరమని తెలిసి మా వియ్యంకుడు జూరాల ప్రాజెక్టు కట్ట మీదుగా వచ్చే బస్సెక్కి చూడవచ్చాడు. బస్సు టికెట్టును రెండు వేళ్ల మధ్య సన్నగా చుట్టడం ఆయనకు అలవాటు. కండెకు నూలు చుట్టినట్లు, దిగేదాకా చుట్టి, విప్పి, మళ్లీ చుట్టేవాడు. ఇంట్లోకి వచ్చాక కూడా అది ఆయన వేళ్ల మధ్యే ఉండేది.

ఇక్కడ ఇంకొకటి చెప్పాలి. ఆయన నాకంటే రెండేళ్లు పెద్ద. అయినా ఆయన నన్ను మీరనేవాడు, నేను ఆయన్ని నువ్వనేవాణ్ని. ఆయన పిల్లనిచ్చినవాడు, నేను చేసుకున్నవాణ్ని. అంతకు మించి కారణం లేదు. ఎన్నో పుస్తకాలు చదివాను. వాటిలో ఇటువంటి పెద్దరికాన్ని తిట్టిన పేజీల్లో గీతలు గీసుకున్నాను కూడా.

ఆ రోజు గది చూస్తానని లోపలికి వచ్చాడు. కుర్చీ చూపించాను. ఆయన పోయి గుంతలో కాళ్లు దించి నేల మీద కూర్చున్నాడు.

“గాడెందుకు కూసుంటవ్? లెవ్వు, దుమ్మున్నది” అన్నాను.

“నాకు గిదే కుర్సీ బావా. వాయించుండ్రి, నేనింట.”

వాయించాను. ఆయన తల వంచి, చెవిని నేలకు దగ్గరగా పెట్టి విన్నాడు. కాసేపాగి లేచాడు.

“గా బాగ మోగే మెట్టు ఒక్కటే ఒత్తి పట్టుండ్రి. ఇడువకుండ్రి.”

“పడ్త గని, నువ్వేం జేస్తవ్?”

“దొంగ ఏ మూలకు దాసుకున్నడో సూడొద్దా?”

నేను తిత్తి కొడుతూ మెట్టు నొక్కి పట్టుకున్నాను. ఆయన గోడ వెంట మెల్లగా నడిచాడు. గది మధ్యలో తల అడ్డంగా ఊపాడు. సన్నగా ఉన్న చివరి మూలకు పోయి, వంగి, కూర్చుని, “ఈడ కూసున్నది బావా” అన్నాడు. నమ్మక నేనూ పోయాను. ఆయన్ని మెట్టు నొక్కి తిత్తి కొట్టమని చెప్పి ఆ మూలలో తల పెట్టాను. పెద్ద కాగులో తల పెట్టినట్లుంది. రెండడుగులు ఇవతలికి వస్తే ఏమీ లేదు.

“మోత ఏడున్నదో సూడకుండ గోడంత మందు రుద్దిండు మీ ఇంజనీరు” అన్నాడు. “నొప్పి మోకాల్ల ఉంటె ఒళ్లంత జండూ బామ్ రాసినట్లున్నది.”

ఆయన పుట్టి పెరిగింది ఆరు మగ్గాలు ఒకే చూరు కింద ఆడిన ఇంట్లో. అంత చప్పుడులో ఏ మగ్గం మీద పోగు తెగిందో తల ఎత్తకుండానే చెప్పగలిగేవాడట. ఆ సంగతి పెళ్లి మాటలప్పుడే ఎవరో చెప్పారు. అప్పుడది నాకు గొప్పగా అనిపించలేదు.

తర్వాత ఆయన అయిదారుసార్లు వచ్చాడు. మొదటిసారి స్పాంజి ఊడబెరికించాడు. వాటిలో నాలుగు పలకలు మాత్రం పైకప్పుకు అతికించాడు. రెండోసారి పెద్దమందడిలో గొర్రెలు పెంచే కురుమల ఇళ్లలో అడిగి పాత గొంగడ్లు మూట కట్టుకుని తెచ్చాడు. కొత్తవి తెప్పిస్తానన్నాను.

“కొత్తదానికి చింతగింజల గంజి ఉంటది బావా, అట్టలెక్క నిలవడ్తది. ఇరవై ఏండ్లు వానకు తడిసి, ఎండకు ఎండినదే మెత్తగ మింగుతది.”

వాటిని గోడకు ఆనించి మేకులు కొట్టబోతుంటే నా చేతిలోంచి సుత్తి తీసుకున్నాడు. గోడకు జానెడు దూరంలో వెదురు కట్టి, దాని మీద వేలాడదీశాడు. “జానెడు జాగ ఇడువుండ్రి. గోడకు అతుక్కుంటె గొంగడి గూడ గోడే అయితది.” రెండు గోడలకూ ఎదురెదురుగా కాకుండా, ఒకవైపు గొంగడి ఉన్నచోట రెండోవైపు ఖాళీ గోడ ఉండేలా చూశాడు. గదికీ ఒక గొంతుంటుందనీ, దాన్ని సర్దాలే గానీ మూయకూడదనీ అనేవాడు. కోడలు వెదురు రెండో చివర పట్టుకుని నిలబడేది. తండ్రీకూతుళ్లు ఎక్కువ మాట్లాడుకునేవాళ్లు కాదు. “జర”, “ఇంక జర”, “ఆఁ”. అంతే.

నాటక సంఘం వాళ్లు కప్పిన శాలువా తెచ్చి, దీన్ని కూడా వేద్దామన్నాను. ఆయన దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

“ఎవరు ఇచ్చిన్రు బావా గిది?”

“సన్మానం జేసిన్రు.”

“పలుచగున్నది. దేనికీ ఆగది” అని మడత పెట్టి ఇచ్చేశాడు. నా జీవితంలో ఆ సన్మానం గురించి అంత సరైన మాట ఇంకెవరూ అనలేదు.

నా పుస్తకాలు వెనక గోడకు పెట్టాలని ఆయనే అన్నాడు. తలుపుల్లేని చెక్క బీరువాలు తెచ్చి పెట్టాను. నా అలవాటు ప్రకారం పుస్తకాల వెన్నులన్నీ దారం పట్టినట్లు ఒకే గీతలో ఉంచాను. మర్నాడు చూస్తే ఒకటి ముందుకు, ఒకటి లోపలికి, లావుదాని పక్కన సన్నది, కొన్ని అడ్డంగా.

“ఏంది గిది? నలభై ఏండ్ల సంది సర్దుకున్న!” అని అరిచాను.

“పుస్తకాలు సదువుతందుకు వరుసలుండాలె బావా. ఇనేటందుకు వరుస తప్పాలె. సాపుగుంటె గోడ లెక్క తిరగగొడ్తది. ఎగుడుదిగుడుగుంటె శబ్దం ఇరిగి నాలుగు దిక్కుల పోతది.” నా మొహం చూసి నవ్వాడు. “పరేషాన్ గాకుండ్రి. మీరు సదివిందేం పోదు గద.”

గుంత విషయంలో ఆయన తప్పు చేశాడు. అదీ రాయాలి. మూల మోతకు గుంతే మందని, నూలు చిక్కులు, పాత దూది గోనె సంచుల్లో కూరి, కాలితో తొక్కి తొక్కి గుంత నింపాడు. పైన చెక్కలు పరిచాడు. మెట్టు నొక్కితే మోత ఏమాత్రం తగ్గలేదు. నేను లోలోపల కొంచెం సంతోషించాను. ఆయన చెక్కలు తీసి, సంచులన్నీ బయటికి లాగి, వాకిట్లో కుమ్మరించి, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. మా మనవరాలు ఆ దూదిలో దూకింది. ఆమె మెత్తగా మునిగిపోవడం చూసి, “ఆఁ! తొక్కిన గద నేను, బుద్ధిలేక” అన్నాడు. దూదిని విదిలించి, వదులుగా, ఊపిరాడేలా నింపాడు. సగం సంచులు సన్నటి మూలలో కప్పు దాకా పేర్చి, మీద గొంగడి కప్పాడు. గుంత మీది చెక్కల మధ్య వేలెడు సందులు వదిలాడు. హార్మోనియాన్ని గది మధ్య నుంచి తీసి, గది వెడల్పుగా ఉన్న వైపు గోడ నుంచి పొడవులో మూడో వంతు దూరానికి జరిపించాడు.

మెట్టు నొక్కాను. అది తన పక్క మెట్లలాగే, వాటితో సమానంగా పలికింది. నేను పైనుంచి కిందిదాకా ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయాను. ఆయన గడపలో కూర్చుని వక్క నములుతున్నాడు. నేను హార్మోనియం మూత వేసి లేచాను. ఒక మంచి మాట అనడం నాకు ఎప్పుడూ కష్టమే.

నిజమే, నేను పుస్తకాలు తెప్పించుకున్నాను. అవి గది పూర్తయ్యాక వచ్చాయి. జానెడు ఖాళీ ఎందుకు, ఎగుడుదిగుడు ఎందుకు, మూలల్లోనే మోత ఎందుకు చేరుతుంది, అన్నీ వాటిలో ఉన్నాయి. ఆయన చేసిన ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు దొరికింది. పేర్లన్నీ తెలిశాక పని కూడా నాదేననిపించింది. జీవితమంతా ఫైళ్ల మీద ఇతరుల పనికి సంతకం పెట్టిన చెయ్యి నాది. అలవాటు పోలేదు.

పత్రిక నుంచి ముఖాముఖికి వచ్చిన అబ్బాయి ఆ గదిలోనే నా ఎదురుగా కూర్చున్నాడు. ఆ రోజు మా వియ్యంకుడు కూడా ఇంట్లో ఉన్నాడు. గడపలో కూర్చుని మనవరాలికి పల్లికాయలు ఒలిచి పెడుతున్నాడు. గది ఎవరు చేశారని ఆ అబ్బాయి అడిగాడు. నేను చెప్పింది మీరు చదివారు. చెబుతున్నప్పుడు నేను గడపవైపు చూడలేదు. పల్లికాయ పగిలే చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది. ఆ గదిలో అటువంటివి బాగా వినపడతాయి.

పోయేముందు ఆ అబ్బాయి మర్యాదకు అడిగాడు, “మీరెవరు పెద్దాయనా?”

“పిల్లనిచ్చినోళ్లం సార్,” అన్నాడు ఆయన. “బావ మస్తు సదివిండు.”

ఆ సాయంత్రం బస్సుకు పోతుంటే కోడలు వాకిట్లో తండ్రిని అడిగింది. నేను ముందుగది కిటికీ దగ్గరున్నాను.

“చెప్పొచ్చు గద నాయినా, నేను జేసిన అని?”

“నువ్వు గీ ఇంట్ల ఉన్నవు బిడ్డా. నేను గాడ నోరు తెరిస్తె నీకు గీడ అన్నం సయిస్తదా? గది ఎవరు జేస్తేంది.”

అంటే నా ఇంట్లో తన కూతురు మనశ్శాంతిగా తినాలంటే నా అబద్ధాన్ని తాను మోయాలని ఆయన అనుకున్నాడు. అట్లా అనుకునేలా నేనే బతికాను. ఆ మాట విన్న తర్వాత రెండేళ్లు నాకు సమయం ఉంది. ప్రతి నెలా పత్రిక వచ్చేది. ఒక చిన్న ఉత్తరం రాస్తే చాలు. నా హార్మోనియం మీద విమర్శ రాసినవాడికి జవాబుగా పది పేజీలు రాశాను. ఈ నాలుగు వాక్యాలు రాయలేదు. ఆయన ఆ తర్వాత కూడా మా ఇంటికి వచ్చాడు, మనవరాలితో ఆడుకున్నాడు, భోజనం చేశాడు. ఆ గదిలోకి మాత్రం రాలేదు. రమ్మని నేను పిలవలేదు.

ఆయన వనపర్తి దవాఖానలో ఉన్నప్పుడు చూడడానికి పోయాను. దారి పొడుగునా చెప్పవలసిన మాట కూర్చుకుంటూ పోయాను. మంచం పక్కన కూర్చున్నాక నాటక సంఘం వాళ్ల గురించీ, నా రికార్డింగులకు ముందుమాట రాస్తానని రాయని ఒక పెద్దమనిషి గురించీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. చివరికి నా చెయ్యి పట్టుకుని, “గా కింది మెట్టు ఇంక మోగుతున్నదా బావా?” అని అడిగాడు.

“లేదు” అన్నాను.

“గంతె సాలు” అన్నాడు. నర్సు వచ్చి నన్ను లెమ్మన్నది. నేను లేచాను. తర్వాత ఆయన్ని అమరచింతకు తీసుకుపోయారు. చెప్పడానికి నాకు దొరికిన చివరి అవకాశం అది.

పెద్దకర్మ అయిన కొన్నాళ్లకు వడ్డేపల్లి వైపు ఒక చిన్న చర్చి పాస్టరు మా ఇంటికి వచ్చాడు. కొత్తగా రేకుల కప్పు తీసి స్లాబు వేసుకున్నారట. “మోతకు పాటల మాటలన్ని కలిసిపోతున్నయ్ సార్. ఒక్క ముక్క తెలుస్తలేదు. మీ గది గురించి పేపర్ల సదివిన. మీరొచ్చి జర చూడాలె” అన్నాడు.

కోడలు చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది.

“ఆ గది నేను చెయ్యలే” అన్నాను. కోడలిని చూపించాను. “పేపర్ల నేను అబద్ధం జెప్పిన. చేసింది ఈమె తండ్రి. ఆయన పోయిండు. ఆయన పని చూసింది, చేతులు పెట్టింది ఈమె. రమ్మనాలంటే ఈమెను అడుగు.”

కోడలు గ్లాసులు కింద పెట్టింది. నావైపు చూడకుండా, “ఆదివారం గాకుండ, జనం లేనప్పుడు రావాలె. గాని పాడేటోళ్లు ఉండాలె” అన్నది.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం పోయాం. పాడేవాళ్లంతా కూలి పనులకు పోయే ఆడవాళ్లు. పత్తి విత్తనాల చేలలో పొద్దుటి పని ముగించుకుని, తలకు చుట్టుకున్న తువ్వాళ్లు విప్పకుండానే వచ్చారు. “ఏం పాట పాడాలె అక్కా?” అని ఒకామె అడిగింది. “పాట వద్దు. ఆ అని ఒక్కటే పట్టుండ్రి. ఆపకుండ్రి” అన్నది కోడలు. “గిదేం పాటనే!” అని వాళ్లు నవ్వుకున్నారు. పాస్టరు నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టబోయాడు. నేను చెప్పుల దగ్గర నిలబడ్డాను.

వాళ్లు ఒక్క స్వరం పట్టుకున్నారు. కోడలు కొంగు నడుముకు చుట్టి, అరచేయి గోడకు ఆనించి, మెల్లగా నడవడం మొదలుపెట్టింది. ఒక మూల దాటింది. కిటికీ దాటింది. బలిపీఠం వెనక మూలలో ఆగి, నుదురు గోడకు ఆనించి, కళ్లు మూసుకున్నది. మోత దొరికాక కూడా అట్లాగే ఉండిపోయింది. ఇక చాలని ఎవరితోనూ అనలేదు. ఊపిరి అందక పాడేవాళ్లలో ఒకామె ఆగితే పక్కామె అందుకున్నది. ఆమె ఆగితే ఇంకొకామె.